తెల్ల మూట

మా లాండ్రీకి వచ్చేవన్నీ ఆస్పత్రుల బట్టలే. పక్కల మీది దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో పరిచే పచ్చ గుడ్డలు, రోగులకు తొడిగే వదులు అంగీలు. పొద్దున్నే వ్యాన్లో మూటలు మూటలుగా వచ్చి పడతాయి. ఎవరి గుడ్డ వాళ్ళకే తిరిగి చేరాలి కాబట్టి ప్రతి దాని మూలలో రంగు దారంతో గుర్తు కుట్టి ఉంటుంది. మాకు ఆస్పత్రుల పేర్లతో పని లేదు. పసుపుదారం వాళ్ళు, నీలిదారం వాళ్ళు అంటే సరిపోతుంది. నేను ఇస్త్రీ రోలర్ దగ్గర ఉంటాను, పొద్దస్తమానం ఆవిరిలో ఉడకడం నా వంతు. మూటలు విప్పి, మరకలు చూసి, వేటికవి వేరుచేసే బల్ల దగ్గర ఉండేది చన్నీళ్ళు.

అది మేం పెట్టిన పేరు. రక్తపు మరకకి వేడినీళ్ళు తగిలితే ఇక జన్మలో వదలదు, ముందు చన్నీళ్ళలో నానాలి. కొత్తగా చేరినవాళ్ళెవరైనా తొందరపడి వేడినీళ్ళ కుళాయి మీద చెయ్యి వేశారో, బల్ల దగ్గర్నుంచి "చన్నీళ్ళు! చన్నీళ్ళు!" అని షెడ్డు ఎగిరిపోయేలా కేక. అలా ఆ పేరు స్థిరపడింది. మా ఓనరు మా ఇద్దర్నీ చూసినప్పుడల్లా "వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు" అని తనే నవ్వుకునేవాడు. అన్నేళ్ళూ అదొక్కటే జోకు, నాకైతే అరిగిపోయిన సబ్బుబిళ్ళ చూసినట్టుండేది. చన్నీళ్ళు మాత్రం ఏమీ అనుకునేది కాదు. వాళ్ళ నాన్న పెట్టిపోయిన మగపేరు కంటే ఇదే నయం అనేది.

మగపిల్లాడిగా పుట్టి, ఆడదానిగా బతుకుతున్న మనిషి. మా లాండ్రీలో చేరిన నాడే చీరలో వచ్చింది. డాక్టరు రాసిచ్చిన మాత్రలు ఏళ్ళుగా వాడుతోంది. ఇంట్లో తల్లి ఒక్కతే. ఆవిడ చొక్కాల కంపెనీకి ఇంటి దగ్గరే బొత్తాలు కుట్టిపెడుతుంది. ఆవిడకి మాత్రం చీర కట్టినా, జడ వేసినా కొడుకే. "ఒరేయ్, అన్నం చల్లారిపోతోంది" అని పిలుస్తుంది. చన్నీళ్ళు వచ్చి కూర్చుని తింటుంది. ఆ ఒక్క పిలుపూ తప్ప తల్లీబిడ్డలకి గొడవ లేదు.

ఒకరోజు టీ తాగుతూ నాతో అంది.

"నేను స్నానానికి లైటు ఆర్పేసుకుంటానక్కా."

"ఎందుకే?"

"చూసుకోలేను. ఎన్నాళ్ళని చీకట్లో నీళ్ళు పోసుకోను? ఆపరేషన్ చేయించేసుకుంటా. ఒక్కసారే కదా కోసేది, సరైన చెయ్యి పడాలి. చెయ్యి తప్పిందనుకో, ఉన్నదీ పోతుంది, రావలసిందీ రాదు."

ఆ రోజు మొదలు తనకి ఒకటే ధ్యాస, ఎవరి చేతిలో పెట్టాలి ఈ ఒంటిని అని.

మా ఊళ్ళో ఆ ఆపరేషన్ చేసేది రెండు చోట్లే. రెండిటి గుడ్డలూ మా దగ్గరికే వస్తాయి. ముందు పసుపుదారం పెద్దాస్పత్రికి వెళ్ళాం. నన్ను తోడు రమ్మంది. గోడలకి పెచ్చులూడిన వరండాలో పూటంతా కూర్చున్నాక పిలిచారు. డాక్టరుకి అరవై దాటి ఉంటాయి. నవ్వితే ముత్యాలు రాలిపోతాయన్నంత బిగదీసిన మొహం. కాగితం మీద బొమ్మ గీసి, ఎక్కడ కోస్తారో, లోపల దారి దేంతో కడతారో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆ తర్వాత ఏమేం చెడిపోవచ్చో మొదలుపెట్టాడు. రక్తం ఆగకపోవచ్చు, చీము పట్టొచ్చు, ఒంటేలు దారి ఇరుకు కావొచ్చు, కట్టిన దారి మూసుకుపోవచ్చు, స్పర్శ రావొచ్చు, రాకపోవచ్చు. మనసు డాక్టరు దగ్గరికి నాలుగైదుసార్లు వెళ్ళాలి, పరీక్షలు చేయించాలి, ఎంత లేదన్నా ఏడాది ఆగాలి. ఆపరేషన్ అయ్యాక కట్లు విప్పి, నడిపించి చూసేదాకా వార్డులోంచి కదలనివ్వనన్నాడు.

బయటికొచ్చేసరికి పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వైద్యం చేస్తానన్నాడా అక్కా ఆయన, చంపుతానన్నాడా?"

మరో వారం నీలిదారం క్లినిక్. అద్దాల తలుపులు, చల్లటి గది, మెత్తటి సోఫా. డాక్టరు కుర్రాడే. లేచి నిలబడి "రండి మేడమ్" అన్నాడు. చన్నీళ్ళని అంతవరకూ ఎవరూ మేడమ్ అనలేదు. ఆ ఒక్క మాటకి దాని కళ్ళు చెమర్చడం నేను చూశాను. ఇక ఆయన అరచేతిలో వైకుంఠం చూపించాడు. "భయపడాల్సింది ఏమీ లేదు మేడమ్. ఇవాళ ఆపరేషన్ అయితే రేపు సాయంత్రానికి మీ ఇంట్లో, మీ మంచం మీద హాయిగా ఉంటారు."

"ఇలాంటివి ఎన్ని చేశారు బాబూ?" అని నేనడిగాను.

"చాలా" అని నవ్వాడు.

'చాలా' అనేది ఒక లెక్కా? నాకు ఒళ్ళు మండింది. కానీ ఒంటిని కోతకి పెట్టేది నేను కాదు కదా, నోరు మూసుకున్నాను.

నవ్వుకీ మేడమ్ అన్నందుకీ పడిపోయిందని మీరనుకుంటే పొరపాటు. తెల్లనివన్నీ పాలనుకునే రకం కాదు చన్నీళ్ళు. తొందరపడలేదు. దానికి తెలిసిన విద్య ఒకటుంది, దాంతోనే తేల్చుకుంది. కొన్ని నెలల పాటు ఆ రెండు మూటలూ వేరెవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే విప్పింది, ఒకటి కుడి పక్క, ఒకటి ఎడమ పక్క. పసుపుదారం మూట విప్పితే అట్టలు కట్టిన రక్తం, గడ్డలు, చీము వాసన. ఓసారి దుప్పటి మడతలో కత్తెర కూడా వచ్చింది. నీలిదారం మూట విప్పితే దుప్పట్లు మళ్ళీ ఉతకాలా అన్నట్టుండేవి. ఎక్కడో ఒక టీ మరక, ఒక మందు చుక్క, అంతే.

"డాక్టర్లు నోటితో ఏమైనా చెప్తారక్కా. చెయ్యి ఎలాంటిదో గుడ్డ మీద తెలిసిపోతుంది. చూడు, ఇన్ని నెలల్లో ఒక్క పెద్ద మరక లేదు. అంత నాజూకు చెయ్యి ఆయనది."

నేను తలూపాను. మా షెడ్డులో ఎవర్నడిగినా అదే మాట అనేవాళ్ళు. మరకలు చదవడమే కదా మా బతుకు.

తల్లి మాత్రం ససేమిరా అంది. "మోసింది నేను, కోయించుకునేది నువ్వా?" అని ఒక్కమాట అని, సూదీ దారం పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. అయినా ఆపరేషన్ ముందురోజు నేను వెళ్ళేసరికి తన మంచం మీది పరుపు ఎండలో వేసి దులుపుతోంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క పరుపే. "వచ్చాక వాడు దీనిమీద పడుకుంటాడు, నేను కింద పడుకుంటా" అంది, నా మొహం చూడకుండా.

ఆపరేషన్ రోజు చన్నీళ్ళు నవ్వుతూ లోపలికి వెళ్ళింది. నేను బయట కూర్చున్నాను. కాసేపటికి అదే గదిలోంచి, అంతకు ముందు అయిన కేసు తాలూకు చెత్త కాబోలు, ఆయా ఒకామె నల్ల సంచీ ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. సంచీ నోట్లోంచి నీలం రంగు దుప్పట్లు వేలాడుతున్నాయి, కాగితంలా గరగరలాడుతూ, నిండా నెత్తురు.

"ఇవి ఉతకడానికి పంపరా?" అనడిగాను.

"ఇవా? ఒక్కసారి వాడి కాల్చిపారేసేవమ్మా. గుడ్డవి పక్కల మీదికే."

ఆపరేషన్ బల్ల మీది గుడ్డలు వాళ్ళ మూటలో ఎప్పుడూ రానేలేదన్నమాట, ఆ లోటు మా కళ్ళకి ఆననేలేదు. లేచి తలుపు దాకా వెళ్ళాను. లోపల అప్పటికే మత్తిచ్చేశారు. తలుపు కొట్టి ఏమని చెప్పను? పక్కల మీది దుప్పట్లైనా తెల్లగానే ఉన్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని వచ్చి కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం పంపించేశారు. డాక్టరు బ్రహ్మాండంగా జరిగిందన్నాడు. దాన్ని కారులోకి ఎక్కించి, సంచీ కోసం మళ్ళీ గదిలోకి వెళ్ళి చూస్తే, పడుకున్న పక్క మీద చుక్క రక్తం లేదు. అప్పటికే ఆ పక్క మీదికి ఇంకొకర్ని తెస్తున్నారు.

ఇంటికొచ్చిన మర్నాడు రక్తం మొదలైంది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే "కొద్దిగా అవడం మామూలే, కదలకుండా పడుకోమనండి" అంది అక్కడి అమ్మాయి. గంట గడిచాక చేస్తే డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారంది. ఆ తర్వాత ఎత్తడమే మానేశారు. ఈలోపల దుప్పటి తడిసి, పరుపు తడిసి, మంచం పట్టెల్లోంచి కిందికి కారుతోంది. తల్లికి ఏం చెయ్యాలో తోచక, పొయ్యి మీది వేడినీళ్ళు గిన్నెలో తెచ్చి, దుప్పటి తీసి అందులో ముంచబోయింది. మంచం మీంచి గొణిగినట్టు గొంతు వినిపించింది.

"వేడివి వద్దమ్మా... మరక పట్టేస్తుంది... చన్నీళ్ళు పొయ్యి..."

ప్రాణం పోతోంది, దానికి మరక దిగులు. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వస్తాయి.

పక్కింటివాళ్ళు సాయం పట్టి పసుపుదారం ఆస్పత్రికి చేర్చారు. ఆ ముసలి డాక్టరే ఉన్నాడు. ఎవరు చేశారని అడిగి, సమాధానం వినేలోపే లోపలికి పరుగెత్తాడు. రక్తం ఎక్కించారు, తెగిన నాళాలు కట్టారు, మళ్ళీ కోశారు. తెల్లారాక బయటికొచ్చి తల్లితో చెప్పాడు.

"బతుకుతుందమ్మా. కానీ అక్కడ కట్టింది కుళ్ళిపోయింది. అంతా తీసెయ్యాల్సొచ్చింది."

తల్లి ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎలా పుట్టాడో అలా చేసి ఇచ్చెయ్యండి బాబూ. మీకు పుణ్యం ఉంటుంది."

"అది ఎవరి వల్లా కాదమ్మా."

ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "పోనీ వాడు ఎలా కావాలనుకున్నాడో అలాగైనా చెయ్యండి" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కాదన్నాడు. ఒళ్ళు కోలుకున్నాక, పేగులోంచి కొంత తీసి మరోసారి ప్రయత్నించొచ్చు, నిలుస్తుందని మాటివ్వలేనన్నాడు. ఆ మనిషి అబద్ధమాడడు. ఆ పూటకి ఒక్క అబద్ధమాడితే బాగుండునని మాత్రం నాకనిపించింది.

కొన్నాళ్ళకి చన్నీళ్ళు దిండుకి ఆనుకుని కూర్చోగలిగాక ఆయనే అడిగాడు.

"ముందు నా దగ్గరికే వచ్చావు కదమ్మా. మరి అక్కడికెందుకు వెళ్ళావు?"

"మీ దుప్పట్లు చూసి భయపడ్డాను సార్. నేను ఉతికేది ఆస్పత్రి బట్టలే. మీవి ఎప్పుడూ నెత్తురోడుతూ వస్తాయి. వాళ్ళవి తెల్లగా వస్తాయి."

ఆయన పక్కన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇది పెద్దాస్పత్రి. యాక్సిడెంట్లు, కాన్పులు, అన్నీ ఇక్కడికే. మా రక్తం మాకుంటుంది. కానీ అందులో ఆ క్లినిక్ రక్తం కూడా ఉందమ్మా. నెత్తురు కారకముందే వాళ్ళు రోగుల్ని ఇంటికి పంపిస్తారు. ఇంట్లో నెత్తురు ఆగకపోతే ఆ రోగులు ఇక్కడికి వస్తారు, నువ్వు వచ్చినట్టే."

ఆ పూట చన్నీళ్ళు అన్నం ముట్టలేదు.

క్లినిక్ మీద ఫిర్యాదు చేద్దామని నేను ఎగిరాను. వాళ్ళు చల్లగా చెప్పారు, ఆపరేషన్ బాగానే జరిగింది, ఇంట్లో శుభ్రంగా చూసుకోలేదు అని. నాతో అన్నా బాగుండేది, నాలుగు దులిపి వచ్చేదాన్ని. తల్లి ముందే అన్నారు. ఆవిడ ఆ మాట నమ్మింది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మకం పోలేదు. "నా పరుపు మంచిది కాదు, పాతది" అంటుంది ఇప్పటికీ, బొత్తాలు కుడుతూ కుడుతూ మధ్యలో ఆగి.

చన్నీళ్ళు మళ్ళీ పనిలో చేరింది. చిక్కి సగమైంది. ఎక్కువసేపు నిలబడలేదని బల్ల దగ్గర స్టూలు వేశాం. ఇప్పటికీ లైటు ఆర్పుకునే స్నానం చేస్తుంది, నేనడిగితే చెప్పింది. నీలిదారం మూట రోజూ వస్తూనే ఉంది. వాళ్ళవి ఉతకడం ఎంత సుఖమో అని ఓనరు మురిసిపోతాడు. ఆ మూట నేను విప్పుతానంటే వద్దంటుంది, తనే విప్పుతుంది.

మొన్న సాయంత్రం బ్యూటీపార్లర్లో పనిచేసే ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. చన్నీళ్ళలాగే చీర కట్టి, భయంభయంగా గుమ్మంలో నిలబడింది. ఎవరో చెప్పారట, ఇక్కడొకామె ఆపరేషన్ చేయించుకుందని. ఏ డాక్టరు మంచిదో అడిగి తెలుసుకుందామని వచ్చింది. చన్నీళ్ళు దాపరికం లేకుండా అంతా చెప్పింది. నెత్తురు ఆగేదాకా ఎవరి మంచం మీద ఉంచుతారో ముందు అది అడగమంది.

ఆమె విన్నది. విని కూడా, మనసు ఒప్పుకోనట్టుంది. "పెద్దాస్పత్రి చూసొచ్చానక్కా, భయమేసింది. క్లినిక్ అయితే ఎంత శుభ్రంగా ఉందో" అంది.

"శుభ్రంగానే ఉంటుంది. వాళ్ళ దుప్పట్లు ఉతికేది నేనే" అంది చన్నీళ్ళు. "నా నెత్తురు మా అమ్మ పరుపు మీద పోయింది."

ఆమె కొంగు సర్దుకుని, వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఏ వైపు వెళ్ళిందో మాకు ఇంకా తెలియదు. ఆ రోజు నుంచి పసుపుదారం మూట విప్పిన ప్రతిసారీ, ఇందులో ఆమె నెత్తురు ఉందేమోనని చన్నీళ్ళు ఒక్కో దుప్పటీ వెలుతురుకి పట్టి చూస్తోంది.