కనకప్ప మాటలో గ్యాపులు

కప్పగల్లు కనకప్ప దగ్గర చెప్పాల్సిన మాటలకు కొదవ లేదు. కొదవంతా వినేవాళ్ళ ఓపికకే. నత్తి ఉన్న మనిషి కనపడితే చాలు, మన జనానికి ఎక్కడ లేని దయా పుట్టుకొస్తుంది. ఆ మనిషి సగం మాట అనేలోపల మిగతా సగం వీళ్ళే అందించేస్తారు. అది ఆయన మాటేనా, వీళ్ళ మాటా అని మాత్రం ఒక్కరూ చూడరు. బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు చేసుకుందామని కనకప్ప అంగడికి పోయి "అర కిలో శనగ..." అంటే, షెట్టి శనగపప్పు పొట్లం కట్టి చేతిలో పెట్టేవాడు. పిండి కావాలని చెప్పడానికి మళ్ళీ మొదటి నుంచీ రావాలి. వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఆ పూట ఇంట్లో పప్పే.

ఆయన పని బళ్ళారిలో జీన్సు ప్యాంట్లు ఉతికే యూనిట్లో. అక్కడ డ్రమ్ములు తిరిగే చప్పుడుకు పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందరూ చేతులతోనే మాట్లాడుకోవాలి. అందుకని యూనిట్లో కనకప్పను మించిన మాటకారి లేడు. పక్క మిషను హొన్నూరప్పకు వేళ్ళతోనే ఊరి కబుర్లన్నీ చెప్పి కడుపుబ్బ నవ్వించేవాడు. గేటు దాటి బయటికొస్తేనే కష్టం మొదలు.

ఆ యూనిట్లో ఆగడానికి ఎన్ని ఇంగ్లీషు మాటలో! టీకి ఆగితే బ్రేకు. ఒక లోడు దింపి ఇంకో లోడు ఎక్కించేదాకా గ్యాపు. కరెంటు పోతే కట్టు. మిషను మీద పాజు మీట నొక్కితే డ్రమ్ము ఆగుతుంది గానీ నీళ్ళు లోపలే ఉంటాయి. స్టాపు నొక్కితే నీళ్ళన్నీ కాలవ పాలు. ఈ మాటలన్నీ కనకప్ప తన కూతురు రక్షితకు ఆమె చిన్నప్పుడు తీరిగ్గా చెప్పాడు. ఆ గడుగ్గాయి వాటిని తీసుకొచ్చి నాయన నోటికే తగిలించింది. మాటకూ మాటకూ మధ్య తడబడితే గ్యాపు. మాట పెదవి మీదికొచ్చి నిలిచిపోతే, "పాజు నాయనా. నీళ్ళు లోపలే ఉండాయి, నేను చూస్తాంటాలే," అని గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చునేది. మధ్యలో లేచి చెంబెడు నీళ్ళు తాగొస్తే బ్రేకు. ఎవరైనా జొరబడి మాట పూర్తి చేసేస్తే అది కట్టు. స్టాపు అన్న మాట మాత్రం నాయనకు ఎన్నడూ వాడలేదు.

ఇంట్లో కట్లన్నీ భార్య సిద్దక్కవే. ఆమె చెడ్డది కాదు, ఆమె నోటికి ఆగడం తెలియదు, అంతే. గూడ్సు బండిని పక్కన నిలబెట్టి ఎక్స్‌ప్రెస్సును పంపినట్టు, మొగుడి మాటను పక్కన పెట్టి తన మాట నడిపించేది. కనకప్పకు ఆమె మీద కోపం లేదు. కానీ ఆమె పూర్తి చేసిన మాట తనది కానప్పుడు లోపల నొచ్చుకునేవాడు. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

రక్షితకు రూపనగుడి సంబంధం కుదిరింది. పిల్లవాడి పేరు సిద్ధేశ్. ఇద్దరికీ ఇష్టమే. చిక్కంతా పిల్లవాడి పెదనాయన జంబన్నతో. ఆయనకు ఏదైనా అనుకున్న వెంటనే అయిపోవాలి. పెండ్లి వచ్చే నెలలోనే అని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు. రక్షితకేమో నర్సింగు చదువు ఇంకా ఒక ఏడాది ఉంది. పెండ్లయినాక చదివిస్తామన్న మాటలు ఎట్లా గాలికి పోతాయో ఆ పిల్ల తన తోటివాళ్ళలో చూసింది.

కనకప్ప వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. తాంబూలం పళ్ళెం పట్టుకుని పిల్ల తండ్రి ఏది చెప్తే అదే మాట. తల్లి చెప్పినా, మేనమామ చెప్పినా చెల్లదు. పళ్ళెం ఆ చేతిలోంచి ఈ చేతికి మారిందా, ఇంక దాన్ని తిప్పే మొనగాడు లేడు.

"నాయనా, నువ్వే చెప్పల్ల," అంది రక్షిత. "పెండ్లి వచ్చే ఏడాది, బిడ్డ చదువు అయినంక. ఇంతే. అమ్మా, ఈపొద్దు నువ్వు మధ్యలో దూరితే నీతో మాట్లాడేదే లే!"

"నాకేం పనే తల్లీ, నోరు కుట్టేసుకుంటా," అంది సిద్దక్క.

కనకప్పకు ఆ మాట మనసులో నీళ్ళు తాగినంత సులువుగా వచ్చింది. మనసులో ఎవరికి నత్తి ఉంటుంది?

తాంబూలాలు మార్చుకునే వేళకు చావిడి నిండా చుట్టాలు. కనకప్ప పళ్ళెం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఎదురుగా జంబన్న చేతులు చాపి సిద్ధంగా ఉన్నాడు.

"మా బిడ్డ... పె... పెండ్లి... వచ్చే..."

మాట పెదవి మీదికొచ్చి నిలిచిపోయింది.

"వచ్చే నెలలోనే!" అందుకున్నాడు జంబన్న. "అంతే కదప్పా కనకప్పా! పట్టండి తప్పట్లు!"

తప్పట్లు మోగాయి. అయ్యవారు పంచాంగం విప్పారు. ఎవరో చక్కెర కూడా పంచడం మొదలుపెట్టారు. గోడ పక్కన రక్షిత ముఖం పాలిపోయింది. సిద్దక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. జంబన్న పళ్ళెం పట్టుకుని లాగాడు.

పళ్ళెం రాలేదు.

కనకప్ప వదలలేదు. జంబన్న నవ్వుతూ ఇంకొంచెం లాగాడు. తడిసిన జీన్సు మూటలు రోజంతా ఎత్తి దించే చేతులవి, అంగుళం కదల్లేదు. వక్కలు కింద పడి దొర్లాయి. అరటిపండ్లు ఒక పక్కకు జారాయి. పెద్దమనుషులిద్దరూ పళ్ళెం కోసం పెనుగులాడుతుంటే పిల్లలు కిసుక్కుమన్నారు. తప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏందప్పా ఇది? ఇచ్చేకి మనసు లేదా?" అన్నాడు జంబన్న. "ఏం చెప్పల్లనుకుంటాండావో నేనే..."

"తాళప్పా జంబన్నా, తాళు!" సిద్దక్క కొంగు తీసి గట్టిగా అంది. "నీకు దండం పెడతా, స్వల్ప తాళు. ఆయప్ప మాట ఇంకా అయిపోలే."

కనకప్ప ఆశ్చర్యంగా ఆమె వైపు చూశాడు. ఆమె మళ్ళీ కొంగు నోట్లో పెట్టుకుంది. మిగతా సగం తాను చెప్పలేదు. చావిడిలో ఎవరూ కదలడం లేదు. ఇంతమంది తన కోసం ఊరుకోవడం ఆయన ఎన్నడూ ఎరగడు. భయం వేసింది, ఆ వెంటనే ధైర్యం కూడా వచ్చింది.

"వచ్చే నెల... కాదు. వచ్చే... ఏ... ఏడాది. బిడ్డ చదువు... అయినంక."

జంబన్న నోరు తెరిచాడు, సిద్దక్కను చూసి మూశాడు.

"ఇంకొక... మాట," అన్నాడు కనకప్ప. ఈ మాట రక్షిత చెప్పమన్నది కాదు. "మా బిడ్డ... మాట్లాడేటప్పుడు... మధ్యలో... ఎవురూ... అందుకోవద్దండి."

సిద్ధేశ్ లేచి నిలబడ్డాడు. "సరే మామా. పెదనాయనా, ఇప్పుడు తీసుకో."

కనకప్ప చేతులు వదిలాడు. జంబన్న పళ్ళెం తీసుకుని, కింద పడిన వక్కలు తానే వంగి ఏరుకున్నాడు. రక్షిత వచ్చి నాయన భుజానికి తల ఆనించి ఏడ్చింది.

చుట్టాలు పూర్ణం ఓళిగలతో భోంచేసి పోయాక సిద్దక్క ఆయనకు విస్తరి వేసి ఎదురుగా కూర్చుంది. అన్నం పెట్టలేదు.

"ఇదో, ఒకటి అడుగుతా, దాచిపెట్టొద్దు. ఇన్నేండ్లు నీ మాటలు నేనే పూర్తి చేస్తాంటి కదా. అండ్లో తప్పులేమన్నా ఉండాయా?"

కనకప్ప నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆమె పెదవులు కదిలాయి, కానీ పండ్లతో బిగబట్టుకుంది. వీధిలో ఒక ట్రాక్టరు వచ్చింది, పోయింది. ఆమె కూర్చునే ఉంది.

"నాకు... ఓళిగలంటే... శానా... ఇష్టం," అన్నాడు కనకప్ప. "ఎవురన్నా... వడ్డించేకి వస్తే... నువ్వే... ఆయప్పకు తీపి... వద్దు... అంటాంటివి."

సిద్దక్క లేచి వంటింట్లోకి పోయింది. ఓళిగల గంప మొత్తం తెచ్చి ఆయన ముందు పెట్టి, కండ్లు తుడుచుకుంటూ నెయ్యి పోసింది.