కాటుక నీడ

ఈ మాట ఇన్నేళ్లూ నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లోవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

జగిత్యాలలో ఒక చెవి డాక్టరు దగ్గర, కళ్లు తిరుగుతున్నాయని వచ్చేవాళ్లకు పరీక్ష చేసేదాన్ని. కెమెరా ఉన్న అద్దాలు పెడితే కన్ను తెరమీద కనబడుతుంది. కంటిపాప కదలికను సాఫ్ట్‌వేర్ గీతగా గీస్తుంది. బొమ్మ మసకగా ఉంటే రెప్పల నీడను కూడా పాప అనుకుంటుంది. అప్పుడు వెలుతురు పెంచాలి, నీడలు పోయి పాప ఒక్కటే నల్లగా మిగిలేదాకా. చిన్న పని.

సత్తవ్వ కళ్లు తిరుగుతున్నాయని సిరిసిల్ల నుంచి వచ్చింది. మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టేది.

"ఇంట్ల నాటకమంటున్నరు బిడ్డా. మిషిన్ల నిజం తెలుస్తది గద?" అంది.

తెలుస్తుందన్నాను.

ఆమె కళ్లకు కాటుక ఉంది. తెరమీద గీత చెదిరిపోతోంది. కాటుక తుడిపించి వెలుతురు సరిచేయాల్సింది. ఇంటికెళ్లే కోరుట్ల బస్సు పోతుందని నా తొందర. చెదిరిందంతా కాటుక నీడేనని, దోషమేమీ లేదని రాసేశాను. డాక్టరు నా రాతను నమ్మాడు.

చాలా నెలల తర్వాత ఆమె కూతురు వచ్చింది. సత్తవ్వకు మెదడు వెనుక భాగంలో గడ్డట. హైదరాబాదులో ఆపరేషన్ చేశాక మళ్లీ కళ్లు తెరవలేదట. పరీక్షప్పుడు తీసిన పాత వీడియో ఒకసారి చూడమని అడిగింది. ఆమెను బయట కూర్చోబెట్టి తెరిచాను. వెలుతురు పెంచాను. నీడలు పోయాయి. పాప మెల్లగా పైకి జారుతోంది, ఉలిక్కిపడినట్టు కిందికి కొడుతోంది. మళ్లీ. మళ్లీ. అది కాటుక కాదు, మెదడులో దోషానికి గుర్తు.

బయటికొచ్చాను.

"గిందుల ఏమన్న కనవడ్డదా మేడమ్?"

"లేదమ్మా. ఏం కనవడలే."

ఆ పిల్ల ఏడ్చింది. "మిషిన్ల ఏం లేదన్నంక అవ్వను మస్తు తిట్టిన. పని తప్పిచ్చుకోనీకె పండుకుంటున్నవ్ అన్న. ఆఖరికి 'నాకేం లేదేమో బిడ్డా' అని అవ్వనే అన్నది."

ఆమె వెళ్లాక వీడియో చెరిపేశాను.

ముందే తెలిస్తే సత్తవ్వ బతికేదా? ఏమో. ఆ 'ఏమో' వెనక చాలాకాలం దాక్కున్నాను. కానీ నేను నిజం రాసి ఉంటే, బతికినా బతకకపోయినా, ఆమె తల పట్టుకుని పడుకున్న ఆ నెలల్లో ఎవరూ తిట్టేవారు కాదు, తన బాధను తానే అనుమానించుకునేది కాదు, ఆ కూతురు నా తప్పును తన తప్పనుకుని ఇవాళ్టిదాకా మోసేది కాదు. ఇదంతా ఆ కూతురి ఎదుట నిలబడి చెప్పగలనా? సిరిసిల్ల బస్టాండు దాకా పోయి తిరిగొచ్చిన రోజులున్నాయి.

సత్తవ్వ నిజమే చెప్పింది. అబద్ధం రాసింది నేను. ఈ రెండు మాటలు ఇక్కడ పెట్టాక ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి నాకేమీ అడిగే హక్కు లేదు.