లస్మవ్వ చేసిన చిల్లు కుండ

మా మేనత్త లస్మవ్వకు మనసు పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఎప్పుడూ నోరే ముందు వచ్చేది. బెల్లంపల్లి బొగ్గుబావుల దగ్గర కుండలు చేసి బతికిన మనిషి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం, గని క్వార్టర్లలోకి కొత్తగా వచ్చిన మరాఠీ కోడలు సక్కుబాయి ఆమె వాకిట్లోకి వచ్చింది. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. పెద్ద కుండ ఒకటి ఎంచుకుని, అడుగున వేలు పెట్టి చూపించింది.

"అక్కా, ఇక్కడ చిల్లు కావాలె."

మా వైపు కుండకు చిల్లు పెట్టేది కాటి దగ్గరే. కుమ్మరింట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. అత్త భగ్గుమంది.

"పొద్దుగాల్నే గిదేం మాటనే? మా ఇంట్ల ఎవలు సచ్చిండ్రని? నడువ్!"

సక్కుబాయి ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆ పూట అన్నం ముందు కూర్చున్నాక అత్తకు అనుమానం వచ్చింది. చావింటి మనిషి అంత నిండుగా బొట్టు పెట్టుకుని నవ్వుకుంటూ వస్తుందా? పైగా ఆ పిల్ల కొంగంతా తడిమట్టి. "అడగకుంటనే తిట్టిన" అని మా మామ మొగిలితో చెప్పి, క్వార్టర్ల దారి పట్టింది.

సక్కుబాయి ఇంటి వెనుక గోనెపట్టా నీడన మూరెడు సంత్రా మొక్క. ఆకులు ముడుచుకుపోయాయి.

"మా ఆయి ఇచ్చింది" అంది సక్కుబాయి. అమ్మ చేతి మొక్క కళ్లముందే ఎండిపోతోంది. మగడు బావిలోకి, తను బొగ్గు ఏరడానికి పోతే పగలంతా నీళ్లు పోసే దిక్కు లేదు. చెంబు వంచి, వేళ్ల సందుల్లోంచి బొట్టుబొట్టుగా మొదట్లోకి వదిలి చూపించింది.

"ఓసి! చెట్టుకా?" అత్త తన నెత్తి తానే కొట్టుకుంది.

ఇంటికొస్తే మామ ఒప్పుకోలేదు. "చిల్లు పొడుస్తే ఇంటికి అరిష్టమే."

"కాలిన కుండకు గద? నేను పచ్చికుండకు పెడ్త. పుట్టుకతోని వచ్చిన చిల్లుకు ఏం దోసం? నీ ముక్కుకు లేవా రెండు?"

మామ ముక్కు తడుముకున్నాడు. అత్త పచ్చికుండను చీపురుపుల్లతో పొడిచి, ఆరబెట్టి, వాములో కాల్చింది. అది కాలేదాకా రోజూ తనే పోయి మొక్కకు నీళ్లు పోసి వచ్చింది. తర్వాత ఇద్దరూ కలిసి చిల్లులో గుడ్డపేలిక దూర్చి, కుండను మొక్క మీదుగా వేలాడగట్టారు. మొక్క బతికింది.

కొన్నేళ్లకు కాసింది. మొదటి పండు సక్కుబాయి తెచ్చి అత్త చేతిలో పెట్టింది. పులుపంటే పులుపు! అత్త మొహమంతా ముడుచుకుని, ఒక్క తొన కూడా వదలకుండా తిన్నది. కుండలు కొనేవాళ్లు చుట్టూ ఉండగానే సక్కుబాయి అడిగింది.

"లస్మక్కా, ఇంకో చిల్లు కుండ కావాలె."

"జామకా, నిమ్మకానే?" అంది అత్త, మూతి తుడుచుకుంటూ.