అత్తగారి చేతిలో ఓటీపీ

గుంటూరు మిర్చి యార్డులో ఒక కంపెనీ కొనుగోళ్లన్నీ నేనొక్కదాన్నే, చిటికెడు కారం ముట్టుకోకుండా, ఏసీ గదిలో కూర్చుని ఆపేశాను. బందులు చేసేవాళ్లకు కూడా చేతకాని పని. మీరు నవ్వుకోండి, నాకు మాత్రం ఇప్పటికీ ఆ యార్డు వైపు వెళ్లాలంటే మొహం చెల్లదు.

పాప పుట్టాక ఎన్నాళ్లకో దొరికిన ఉద్యోగం. మిర్చి ఎగుమతి కంపెనీలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్‌ని. అంటే, ఏ కబురు ఎటు తిరిగి ఎటు పోతోందో బొమ్మ గీసి, వంకర దారులు మూయించి, వ్యాపారానికి లాభం చూపించాలి. చూపిస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. నా బొమ్మ గోడంతా పాకింది. ఓనరు సుబ్బారావుగారు దాన్ని జాతకచక్రంలా చూసి, "ఇంతకీ మనకేం ఒరుగుద్దమ్మా?" అన్నారు.

"మన తరఫున సరుకు కొనే మస్తాన్‌గారు యార్డులో మచ్చు చూసి ధర వాట్సాప్‌లో పెట్టడం, మీరు సరే అనడం పాత పద్ధతండీ. ఇక అంతా ఒకే పోర్టల్!"

వాట్సాప్ గ్రూపులు మూయించాను. పాత చీటీ పుస్తకాలు కాగితాలవాడికి వేయించాను. పోర్టల్లో ఎక్కితేనే కొనుగోలు చీటీ.

మొదటిరోజు పొద్దున్నే యార్డు నుంచి మస్తాన్‌గారి ఫోను. "మేడమ్, లాగిన్ అవట్లా. ఓటీపీ ఏదండీ? అవతల మంచి సరుకంతా వేరేవాళ్లు ఎత్తేస్తన్నారు!"

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష కోసం అందరి ఖాతాలకూ నా నంబరే ఇచ్చి, మార్చడం మరిచాను. ఆ ఫోనేమో ఇంట్లో అత్తగారి దగ్గర ఉంది. అందులో బొమ్మలు ఆడితే గానీ మా పాప అన్నానికి నోరు తెరవదు. ఆఫీసు ఫోను నుంచి చేశాను.

"అత్తయ్యా, నేనే! ఫోన్లో ఓటీపీ వచ్చింది, చెప్పండి!"

"నువ్వంటే?"

"మీ కోడల్నండీ!"

"నంబరు ఎవరిదో, గొంతు మా కోడలిదా! గొంతులు కూడా దొంగిలిస్తన్నారంట, మా కోడలే చెప్పింది. తనడిగినా చెప్పొద్దంది. పెట్టేయ్!"

సుబ్బారావుగారు ఫోను లాక్కున్నారు. "అమ్మా, నేను కంపెనీ ఓనర్నండీ..."

"నీ మొహం! పసిపిల్లకి అన్నం పెట్టే టైములో ఇదేం పాడు బుద్ధిరా నీకు? పోలీసులకి పట్టిస్తా!"

నేను ఆటోలో పోయి ఫోను తెచ్చేసరికి, యార్డులో మా కంపెనీకి మిగిలింది తుమ్ములే.

సుబ్బారావుగారు గోడ మీది నా బొమ్మ మీద వేలు పెట్టారు. "ఇంత బొమ్మలో సరిగ్గా పనిచేసింది మీ అత్తగారొక్కరేనమ్మా. సెక్యూరిటీకి తీసుకుంటా, వస్తారేమో అడుగు."

"మరి నా ఉద్యోగమండీ?"

"ఆవిడొచ్చేస్తే ఇంట్లో పాపకి అన్నం పెట్టేవాళ్లుండాలి కదమ్మా!"

కారం డబ్బా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ కంపెనీనైనా బాగుచేస్తానేమో గానీ, మా అత్తగారికి మాత్రం జాగ్రత్తలు నేర్పను.