బోసిగా ఉందని

ఆ రోజుల్లో మా ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా ముందు దానికి బొట్టు పడాల్సిందే. కారు బానెట్‌కి పెట్టాను, మైక్రోవేవ్‌కి పెట్టాను, ఆఫీసువాళ్ళిచ్చిన లాప్‌టాప్‌కీ పెట్టాను (తిరిగి ఇచ్చేటప్పుడు ఐటీ డెస్క్ అబ్బాయి ఆ మచ్చ చూసి సాస్ ఒలికిందా అని అడిగాడు, అవునన్నాను). అమెరికాలో, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్‌లో కొత్త కాపురం, చేతిలో హెచ్‌వన్ వీసా, నాకు తెలియనిది లోకంలో లేదన్న ధీమా.

ఎదురు ఫ్లాట్‌లో ఒక యూదు పెద్దావిడ ఉండేది. మాలో మేం ఆవిడని బామ్మగారనే చెప్పుకునేవాళ్ళం. పోయిన వాళ్ళాయన చిత్రకారుడట. ఫ్లాట్‌కి రంగులు వేయిస్తూ, ఆయన చేసిన ప్రింట్ ఒకటి నాలుగు రోజులు మా దగ్గర ఉంచమని ఇచ్చింది. రాగిరేకు మీద చెక్కి, మందపాటి కాగితం మీద అచ్చొత్తిన బొమ్మ. పైన అద్దం లేదు. నల్లటి హీబ్రూ అక్షరాలు సుడి తిరుగుతూ అంచులవైపు వెళ్ళిపోతుంటాయి, మధ్యలో గుండ్రంగా ఖాళీ. చూడగానే యంత్రమని తేల్చేశాను.

ఆ వారమే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రింట్‌ని పీట పక్కన నిలబెట్టి, ఇది యూదుల శ్రీచక్రమనీ, బీజాక్షరాలు ఎక్కడైనా బీజాక్షరాలేననీ వచ్చినవాళ్ళందరికీ బోధించాను (వాటిలో ఒక్క అక్షరం నాకు రాదు). మా ఆవిడ మెల్లగా, "ఏవండీ, వాళ్ళ వస్తువు, ఊరికే ఉంచేద్దాం" అంది. వింటేగా. ఆ మధ్యభాగం నాకు మరీ బోసిగా కనిపించింది. తడి పసుపు నిండుగా రాసి, దానిమీద కుంకుమ పెట్టాను. అందరూ వరసగా వచ్చి దణ్ణం పెట్టుకున్నారు.

రంగుల పని అయ్యాక బామ్మగారు వచ్చింది. పూజ కూడా చేయించామని గొప్పగా చెప్పి రెండు చేతులతో అందించాను. ఆవిడ మధ్యలో ఉన్న పసుపుని వేలితో చూపించింది.

"అక్కడెందుకు పెట్టావు?"

"ఖాళీగా ఉంది కదండీ."

"లోకం పుట్టడానికి చోటు కావాలని దేవుడు కొంచెం పక్కకి తప్పుకున్నాడని మా పెద్దలు చెప్తారు. ఆ చోటే ఇది. ఈ ఖాళీ కుదరక మా ఆయన ఎన్ని కాగితాలు చింపాడో. ఇదొక్కటే ఉంచుకున్నాడు."

కోప్పడితే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. టిష్యూ తెచ్చి తుడవబోతే పసుపు ఇంకా పాకింది. "ప్లీజ్, ఇంక వదిలెయ్యి" అని ఆవిడ ప్రింట్ తీసుకుని వెళ్ళిపోయింది. తర్వాత కూడా ఎప్పటిలాగే పలకరించేది. నేనే లిఫ్ట్‌లో ఎదురుపడతానేమోనని మెట్లమీద తిరిగాను.

ఇప్పుడు అల్ఫారెట్టాలో సొంత ఇల్లు. హాల్లో ఒక గోడ ఖాళీగా ఉంచాను. గృహప్రవేశం నాడు పంతులుగారు కుంకుమ గిన్నెతో అటు వెళ్తుంటే అడ్డం పడి, అక్కడొద్దండి అన్నాను. ఇంటికొచ్చిన పిల్లలు "అంకుల్, ఈ వాల్ ఎందుకు ఎంప్టీగా ఉంది?" అని అడిగితే మా ఆవిడ నావైపు చూసి నవ్వుతుంది. నాకూ నవ్వొస్తుంది, ఆనాటి మహాజ్ఞానిని తలుచుకుని. నిజం చెప్పాలంటే, ఆ గోడ ముందు నుంచి వెళ్తున్నప్పుడు నా ఉంగరపు వేలు ఇప్పటికీ దురద పెడుతుంది. చెయ్యి జేబులో పెట్టుకుని దాటిపోతాను.