జీడి రసమూ పది ఊపిర్లూ

నా చిన్నప్పుడు ఒక పెద్దమనిషి అరచేతులు బొబ్బలెక్కించాలని ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి నాకు పదకొండేళ్లు. ఆయన మా అమ్మ పనిచేసే జీడి బట్టీ యజమాని.

పలాస వైపు బట్టీల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు చేతులకు బూడిద రాసుకునిగానీ పనిలో కూర్చోరు. తొక్కలోని రసం తగిలితే చర్మం కాలినట్టు పొక్కిపోతుంది. ఒకరోజు తూకంలో జీడిపప్పు తగ్గిందని ఆ యజమాని మా అమ్మను లేపి నిలబెట్టి, అందరి ముందూ ఒడి దులిపించాడు. ఒడిలో ఏమీ లేదు. అయినా రేపటి నుంచి పనిలోకి రావద్దన్నాడు. దొంగ అన్న మాట అమ్మకన్నా ముందే ఊరు చేరింది. అమ్మ నీళ్లకు కూడా అందరూ వెళ్లిపోయాక వెళ్లడం మొదలుపెట్టింది. అది చూసే ఆ ఒట్టు పెట్టుకున్నాను.

బట్టీ వెనక పారబోసిన తొక్కల నుంచి కారే రసాన్ని కొబ్బరి చిప్పలో పట్టాను. ఆయన కుర్చీ చేతులకు పూయాలని నా ఎత్తు. కోపంలో బూడిద రాసుకోవడం మరిచాను. పైగా చెయ్యి వణికింది. రసం నా మణికట్టు మీదే ఒలికింది. ఏడుస్తూ ఇంటికొస్తే మా తాతయ్య కొబ్బరినూనె రాసి, సంగతంతా విన్నాడు.

తిడతాడనుకున్నాను. "పగ తీర్సుకోవాలంటే ముందు సెయ్యి వనక్కూడదు గుంటా," అన్నాడు. "ఒంటికాలి మీద నిలబడి, నిండు సిప్పతో పది ఊపిర్లు తియ్యి. సుక్క ఒలక్కపోతే రసం నానే తెచ్చిత్తాను."

తాతయ్య రోజూ తెల్లవారేసరికి ఇసుకలో గోనె పరిచి ఆసనాలు వేసేవాడు. ఆ వయసులోనూ కొబ్బరిచెట్టు ఎక్కేవాడు. మర్నాటి నుంచి ఆయన పక్కన నేనూ, చేతిలో నీళ్ల చిప్పతో. ఒక పాదాన్ని రెండో తొడకు ఆనించి నిలబడేదాన్ని. దాన్ని వృక్షాసనం అంటారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. యజమాని మొహం గుర్తొస్తే చాలు, నీళ్లు తొణికేవి. ఆయన్ని వదిలేసి ఊపిరిని చూడమనేవాడు తాతయ్య. లోపలికి పొట్టిగా, బయటికి పొడవుగా.

యోగా చేస్తే పగలూ కోపాలూ చల్లారిపోతాయని ఇప్పుడు మైకుల్లో చెబుతుంటే నాకు నవ్వొస్తుంది. నేను చేసిందే పగ కోసం. అయితే ఒళ్లు మాత్రం నా మాట వినడం నేర్చుకుంది. మంచం మీద వాలగానే నిద్ర పట్టేది. అన్నం సయించేది. ఏడుపొచ్చినా మాట తడబడకుండా చెప్పగలిగేదాన్ని.

నెల తిరిగేసరికి పది ఊపిర్లూ నిలబడ్డాను. తాతయ్య మాట తప్పలేదు. నిండు చిప్ప తెచ్చి ముందు పెట్టాడు. ఇక నేనే వద్దంటానని, క్షమించేస్తానని అనుకుని ఉంటాడు పాపం. నా మణికట్టు చూసుకున్నాను. బొబ్బలు పది రోజుల్లో మానిపోతాయి. మా అమ్మకు పడ్డ పేరు మానదు. నాకు అంత చిన్న పగ చాలదనిపించింది.

"ఇది సాల్దు తాతా," అన్నాను. ఆయన బిత్తరపోయాడు.

మర్నాడు బట్టీకి వెళ్లాను. ఆడవాళ్లంతా పనిలో ఉన్నారు. యజమాని ముందు నిలబడి ఊపిరి నెమ్మదిగా వదిలాను. "బాబూ, ఆ దినం మాయమ్మ ఒడిలో ఏటి దొరికినాదో ఈళ్లందరికీ సెప్పండి," అన్నాను. కసిరాడు. గొంతు పెంచకుండా అదే మాట మళ్లీ అన్నాను. మూడోసారికి పిక్కలు కొట్టే చప్పుడు ఆగిపోయింది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. "ఏటీ దొరకనేదు," అన్నాడు తల దించుకుని.

సాయంత్రానికి ఆ మాటా ఊరు చేరింది. అమ్మ అందరితో పాటే నీళ్లకు వెళ్లింది.

ఆ యజమాని పోయి చాలా ఏళ్లయింది. నేను క్షమించలేదు, ఆ ఉద్దేశమూ లేదు. ఈ వయసులోనూ రోజూ పొద్దున్నే గోడ పట్టుకోకుండా ఒంటికాలి మీద నిలబడతాను. మనసు ప్రశాంతంగా ఉంటుందా అని మనవరాలు అడుగుతుంది. ఉంటుందనే చెబుతాను. ఆయన నోటితోనే ఆ రెండు మాటలూ అనిపించాను కదా, ఎందుకుండదు?