పదకొండు శాలువాల ఇంటర్వ్యూ

ఇప్పుడంటే ఎవరి జేబులో వాళ్ళకో టీవీ ఉంది గానీ, నేను డిగ్రీ గట్టెక్కి ఉద్యోగంలో చేరిన కొత్తలో శ్రీకాకుళంలో ఊరి కేబుల్ చానెలంటే కలెక్టరాఫీసు తరవాత అంతటిది. అందులో ఒక్కసారి మొహం కనబడితే చాలు, మనిషి వారం రోజులపాటు నేలమీద నడిచేవాడు కాదు. అలాంటి మహత్తరమైన సంస్థలో నేను ప్రోగ్రాం ప్రొడ్యూసర్ని. (అంటే ప్రశ్నలు రాయడం, టీవీ అడుగున పరిగెత్తే స్క్రోలింగ్ కొట్టడం, వచ్చినవాళ్ళకి టీ ఇవ్వడం. మూడింట్లోకీ టీ పనే కాస్త బాగా చేసేదాన్ని.) యజమాని బట్టల షావుకారు. స్టూడియో ఆయన కొట్టు మేడమీద. అతిథుల వెనకాల కట్టిన నీలం తెర కూడా కొట్టులోదే, దాని ధర చీటీ అయినా పీకలేదు. ఎంత గొప్పవాళ్ళొచ్చి కూర్చున్నా ఎడమ చెవి పక్కన ఆ చీటీ ఊగుతూనే ఉండేది.

ఇక యాంకరు. షావుకారుగారి బావమరిది కావడం తప్ప ఆయనకి ఇంకో అర్హత లేదు, ఇంకోటి కావాలని ఎవరూ అడగనూ లేదు. ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడని చాటుగా గుక్కబాబు అనేవాళ్ళం. కెమెరా మీద ఎర్రలైటు వెలగనంతసేపూ "ఏటే, టీ అయినాదా నేదా" అనే మనిషి, లైటు వెలగ్గానే "హాయ్ హలో వెల్‌కమ్ డియర్ వ్యూయర్స్" అంటూ ఎక్కడిదో తెలీని భాషలోకి దూకేసేవాడు. పుట్టి పెరిగిన ఊరి మాట కెమెరా ముందు జారిపడితే పరువు పోతుందని ఆయనకి చచ్చేంత భయం. ఆ భయం నాకూ ఉండేది, ఒక్క ఆయన్నే అనడం ఎందుకు.

ఆ రోజుల్లో ఒక వైశాఖమాసాన ఆవిడ శ్రీకూర్మం దర్శనానికి వచ్చింది. ఆవిడంటే నలుపు తెలుపు సినిమాల హీరోయిన్, సగం మాటలు కళ్ళతోనే చెప్పేసిన మనిషి. మా ఇంట్లో కళ్ళరాణి అనేవారు. ఒక సినిమాలో మన వైపు పల్లెటూరి మనిషిగా వేసి, మన యాస ఎంత అచ్చంగా పలికిందంటే, ఆవిడది నరసన్నపేట అవతల ఏదో ఊరని మా అమ్మమ్మ చచ్చేదాకా వాదించింది. (కాదు, గుంటూరు వైపు.) ఆ వేషానికి పెద్ద బహుమతి కూడా వచ్చింది. పెద్ద చానెళ్ళు ఏళ్ళ తరబడి బతిమాలినా పలకని ఆవిడ, షావుకారుగారు గుడి దగ్గర భయపడుతూ భయపడుతూ అడిగితే ఒకేఒక్క మాట అడిగిందట: మీ చానెల్ ఈ చుట్టుపక్కల పల్లెల్లో వస్తుందా అని. ఇంటింటికీ వస్తుందండీ అంటే, అయితే సరే అంది. అదంతా తన పేరు మద్రాసు దాకా పాకడం వల్లనే అని గుక్కబాబు తేల్చేశాడు. కొత్త కోటు కూడా కుట్టించుకున్నాడు.

అసలు సంగతి నాకు మేకప్ గదిలో తెలిసింది. (మేకప్ గది అంటే తానుల గొడౌను.) డెబ్బై అయిదు దాటిన మనిషి, నూలు చీర, బోసి మెడ. నేను రాసిన ప్రశ్నలన్నీ ఓపిగ్గా చదివి, కాగితం తిరిగిచ్చి, ఇందులో ఒకటి తక్కువైంది, రాసుకో అమ్మాయీ అంది. మీకు ఆ యాస నేర్పిందెవరు అని అడగాలట. నేర్పింది ఆవిడకి జడలు వేసే మనిషి. శ్రీకూర్మం పక్క పల్లె నుంచి మద్రాసు వెళ్ళిన ఆమెని అందరూ జడలప్ప అనేవారట. జడ అల్లుతూ ఒక్కో మాటా పలికించి, తప్పు పలికితే దువ్వెన తిరగేసి నెత్తిన ఒకటి వేసేదట. తీరా బహుమతి ఇచ్చిన సభలో ఎవరు నేర్పారని అడిగితే, ఈవిడ మైకు ముందు నిలబడి, నేనే నెల్లాళ్ళు పల్లెలు తిరిగి నేర్చుకున్నానని చెప్పేసింది. జడలేసే మనిషి నేర్పిందంటే నవ్వుతారని సిగ్గుపడిందట. ఆ నెలలోనే జడలప్ప పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్తున్నావని ఈవిడ అడగలేదు, ఊరి పేరు కూడా రాసుకోలేదు.

"బతికుంటే ఇక్కడే ఎక్కడో మీ చానెల్ చూస్తుంటుందమ్మా," అంది. "అబద్ధం అందరి ముందూ చెప్పాను. నిజం కూడా అందరి ముందే చెప్పాలి కదా. ఆ ఒక్క ముక్క చెప్పుకోవడానికే వచ్చాను."

ఒట్టేసినంత పనిచేసి ఆ ప్రశ్న విడిగా ఒక చీటీ మీద రాసి అన్నిటికన్నా పైన పెట్టాను. గుక్కబాబు చూసి, "నీకేటి తెలుసే? ఇలాటిది కైమాక్సులో పడాల" అని చీటీ తీసి అన్నిటికన్నా అడుగున పెట్టేశాడు. నేను సరేనండీ అన్నాను. ఆ రోజు నేను అన్న సరేనండీలు లెక్కపెడితే ఒక గ్రంథం.

మనవాళ్ళకో జబ్బుంది. ఒక మనిషి మాట వినడం కంటే ఆ మనిషి మీద శాలువా కప్పడం సుఖం. వినాలంటే కూర్చోవాలి, బుర్ర పెట్టాలి. కప్పడానికి రెండు చేతులూ ఒక ఫొటోగ్రాఫరూ ఉంటే చాలు. షావుకారుగారు పదకొండుమంది స్పాన్సర్లకి, లైవ్‌లోనే మీ చేతుల మీదుగా సన్మానం అని మాటిచ్చేశారు. పైగా ఏసీ చప్పుడు మైకులో పడుతుందని ఆపేశారు. లైటు వెలిగింది. గుక్కబాబు మొదటి ప్రశ్న: శ్రీకాకుళం ఎండలు ఎలా ఉన్నాయి మేడం. రెండోది: ఇప్పటి హీరోల్లో మీ క్రష్ ఎవరు. ఆవిడ తెల్లబోయి చూస్తుండగానే మందుల షాపాయన ఒకటి, చెప్పుల షాపాయన ఒకటి, ట్యుటోరియల్ కాలేజీ ఆయన ఒకటి కప్పేసి వెళ్ళారు.

తరవాత ఆ సినిమాలో డైలాగు ఒకటి చెప్పమని ప్రాణం తీశాడు. ఆవిడ చెప్పింది. ఓలమ్మా, ఏం చెప్పిందనీ! టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ నాకు మా అమ్మమ్మే గదిలోకి వచ్చి మాట్లాడినట్టయింది. ఈ మహానుభావుడు మాత్రం చప్పట్లు కొట్టి, మా స్లాంగ్ భలే ఇమిటేట్ చేశారు మేడం అన్నాడు. తన సొంత మాటని ఇంకొకరి సొమ్ములా "స్లాంగ్" అన్నవాణ్ణి నేను చూడటం అదే మొదలు. ఆవిడ నెమ్మదిగా, ఇమిటేషన్ కాదు బాబూ, నేర్చుకున్నాను, నేర్పినావిడ... అనగానే, "ఆ సస్పెన్స్ బ్రేక్ తరవాత!" అన్నాడు. బ్రేక్ తరవాత ఆ సస్పెన్స్ ఏమిటో ఆయనకే గుర్తులేదు.

బ్రేక్‌లో బంగారం షాపాయనకీ నూనె మిల్లాయనకీ ఎవరు ముందు కప్పాలని తగువు. ఎంత ఇచ్చాను అని ఒకరు, ఎన్నేళ్ళనుంచి ఇస్తున్నాను అని ఇంకొకరు. ఆ తగువు తీర్చడానికి గుక్కబాబు వెళ్ళాడు గానీ, చీటీ చూసుకోవడానికి వెళ్ళలేదు. లైటు మళ్ళీ వెలిగేసరికి ఆవిడ ఆరు శాలువాల కింద చెమటతో తడిసిపోతోంది. అయినా వదలకుండా, మీ ఊళ్ళ వైపు నాకొక అప్ప ఉండేది బాబూ అని మొదలెట్టింది. "సిస్టర్ సెంటిమెంట్! సూపర్ మేడం!" అని ఫోన్ కాల్ తీసుకున్నాడు. ఆ కాల్ చేసినాయన, తమ వీధిలో రెండ్రోజులుగా కేబుల్ రావట్లేదని పావుగంట తిట్టాడు. (పక్క వీధిలో ఒకరింట్లో కూర్చుని చూస్తున్నాట్ట.)

చివరికి చీటీ బయటికొచ్చింది. మూడు నిమిషాలున్నాయి. గుక్కబాబు ప్రశ్న చదివాడు, ఆవిడ నిటారుగా కూర్చుంది, కింది పెదవి ఒకసారి కొరుక్కుంది, నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే తగువులో ఓడిపోయిన నూనె మిల్లాయన పదకొండో శాలువాతో జొరబడ్డాడు. ఎక్కడ టైమైపోతుందోనన్న కంగారులో భుజాల మీద వెయ్యాల్సింది కాస్తా ఆవిడ నెత్తిమీంచి దింపేశాడు. ముసుగులోంచి ఆవిడ చేతులు బయటికి వచ్చేలోపు, ఈ సెన్సేషనల్ ఎపిసోడ్ ఇంతటితో సమాప్తం అన్నాడు గుక్కబాబు. పేర్లు పడిపోయాయి. అందులో నా పేరు కూడా ఉంది.

నేను కెమెరా పక్కనే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. ఒక్క అరుపు అరిస్తే ఆగేది. అరవలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఆవిడ శాలువాలన్నీ మడతపెట్టి సోఫాలోనే ఉంచేసి మెట్లు దిగుతుంటే వెనకాల పరిగెత్తి సారీ అండీ అన్నాను. ఆవిడకి కోపం రాలేదు, వస్తే బాగుండును. "నీ వయసులో నేనూ నోరు విప్పాల్సిన చోట విప్పలేదమ్మా. ఎలా ఉంటుందో నాకు తెలుసు," అంది. మద్రాసు ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి కారెక్కింది.

రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు స్క్రోలింగ్ కొడుతూ, ట్యుటోరియల్ ప్రకటనకీ మొలల డాక్టరు ప్రకటనకీ మధ్యలో ఒక లైను ఇరికించాను: "పూర్వం మద్రాసులో జడలు వేసిన జడలప్పగారూ, సినిమాలో మన మాట తనకి నేర్పింది మీరేనని, తను పల్లెలు తిరిగి నేర్చుకున్నానన్నది అబద్ధమని, హీరోయిన్‌గారు అందరికీ చెప్పమన్నారు. మా ఆఫీసుకి రండి." గుక్కబాబుకి తన మొహం తప్ప దాని కింద ఏం పరిగెడుతోందో చూసే అలవాటు లేదు కాబట్టి అది నిరాటంకంగా పరిగెత్తింది.

సోమవారం మధ్యాహ్నం కోడల్ని వెంటబెట్టుకుని ఒక ముసలామె మెట్లెక్కి వచ్చింది. నుదుట అర్ధణా కాసంత బొట్టు, నోట్లో చుట్ట.

"ఏటే గుంటా, నా పేరు టీవీ అడుగున తిప్పుతన్నావట? మా కోడలు సదివి సెప్పింది."

ఇంటర్వ్యూ చూశారా అప్పా అన్నాను. చూసిందట. మూడుసార్లు అది నోరు తెరిసింది, మూడుసార్లూ ఆ కోటు గుంటడు మూసీసినాడు అంది. పెదవి కొరికిందంటే సెప్పనేని మాట సెప్పబోతందని నాకు తెల్దేటి, మూడేళ్ళు ఆ తల దువ్వినాను కాదా అంది. నేను మద్రాసుకి ఫోన్ కలిపి, జడలప్ప వచ్చిందని చెప్పి ఆమె చేతికిచ్చాను. అవతల నుంచి "ఏటప్పా, ఎలాగున్నావు" అని వినబడింది. అచ్చం మన మాటే. ఆ తరవాత వెక్కిళ్ళు వినబడ్డాయి. చివరికి జడలప్పే, ఏడవకు, తప్పు పలుకుతావు అంది.

ఫోన్ పెట్టేశాక కొంగుతో కళ్ళు తుడుచుకుని చుట్ట మళ్ళీ వెలిగించింది. కోపం పోయిందా అప్పా అన్నాను. బహుమతి సభలో అన్న ఆ మాట రేడియోలో విన్ననాడు పొయ్యి ఎలిగించలేదట. ఊరికొచ్చి నానే నేర్పినానని చెప్తే ఎవరూ నమ్మలేదట. అందర్లోకీ ఆడపడుచు మరీను. ఇన్నేళ్ళూ ఏ పెళ్ళిలో కలిసినా, ఏ పేరంటంలో కలిసినా, ఇదిగో వచ్చింది హీరోయిన్లకి పంతులమ్మ అని పదిమందిలో నవ్వేదట.

ఇంత చెప్పి లేచి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఒసే, అది ఇంక నాలుగు రోజులు తిప్పుతావేటి? మా ఆడపడుచు సింహాచలం ఎల్లింది. లచ్చివారం గాని రాదు."

ఆ సాయంత్రమే నూనె మిల్లాయన ఫోన్ చేశాడు, జడలేసే మనిషి తరవాతా మా ప్రకటన అని. షావుకారుగారు నన్ను పిలిచి, ఆ లైను మళ్ళీ కనబడితే నువ్వు కనబడక్కర్లేదు అన్నారు. సరేనండీ అన్నాను. ఆ ఆఫీసులో నేనన్న ఆఖరి సరేనండీ అది. మంగళవారం తిప్పాను, బుధవారం తిప్పాను, లచ్చివారం తిప్పాను. శుక్రవారం వెళ్ళేసరికి నా కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.

ఇప్పుడు విజయనగరంలో కాలేజీ పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాను. ఇంట్లోవాళ్ళు ఇప్పుడు నన్నే కాస్త మాటలు ఆపమంటారు. ఆనాడు కెమెరా పక్కన నోరు మూసుకుని నిలబడ్డ పిల్ల గుర్తొస్తే ఈనాటికీ చెంప వాయించాలనిపిస్తుంది. కానీ లచ్చివారం పొద్దున్నే ఎవరూ రాకముందు ఆఫీసు తాళం తీసుకుని, ఆ లైను మళ్ళీ ఎక్కించి, అక్షరాలు రెండింతలు పెద్దవి చేసిన పిల్ల తలపుకొస్తే మాత్రం ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. ఆడపడుచు కూడా పెద్దావిడే కదా, చత్వారం ఉంటుందేమోనని అలా చేశాను.